మోటారుబండి ముందుదీపము



నేటి ప్రసంగమునకు విషయమైన వస్తువు మిక్కిలి చిన్నది. అరచేతిలో ఇముడును. అది మోటారుబండి ముందుదీపములోని బల్బు. ఇంత చిన్న వస్తువును గూర్చి పెద్దలయెదుట మాటాడనేల యని మీకు తోచవచ్చును. కాని రాత్రివేళ బాటమీద ఎదురుపడిన రెండు బండ్లలోని జనుల ప్రాణములును, ఆ బాటప్రక్కన నడచిపోవువాని ప్రాణమును ఆ గాజుబుడ్డిపై ఎంతయో ఆధారపడి యుండును. అందుచేత దానిని ఎన్నుకొనుటలో కొంత వివేకము కావలెను.

ఒకప్పుడు గ్రామమునకు మోటారు వచ్చుటయే వింత. నేడు కారుగాని, ట్రాక్టరుగాని, మోటారుసైకిలుగాని లేని వీధి అరుదు. మీ కుమారులును మనుమలును ఆసుపత్రి పనికో, పంట అమ్మకమునకో, పెండ్లి సామానులకో హైదరాబాదు వచ్చి, ప్రొద్దుగ్రుంకిన పిదప తిరుగుప్రయాణము కట్టుచుందురు. వారినోట తరచుగా వినబడు ఫిర్యాదు ఒకటి కలదు: "కంపెనీవారు పెట్టిన లైటు చాలదు, బాట కనబడుట లేదు" అని. వెంటనే అంగడికి పోయి, "ఉన్నవాటిలో ఎక్కువ వెలుగు నిచ్చు బల్బు వేయుము" అని అడుగుదురు. ఆ కోరిక సహజమే. అయినను ఎక్కువ వెలుగు వేరు, బాగుగా కనబడుట వేరు. ఈ రెంటికిని గల భేదమును తేటపరచుటయే నా ఉద్దేశము.

నేను హైదరాబాదు పాతబస్తీలో నివసించువాడను. చార్మినారు చుట్టుపట్ల, పత్థర్‌గట్టీలో, లాడ్ బజారులో రాత్రి పదిగంటల వేళ కూడ పట్టపగలివలె వెలుతురుండును. అచ్చట తన బండిదీపము వెలుగుచున్నదో, ఆరియున్నదో నడుపువానికే తెలియదు. శాలిబండ, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలము బాట పట్టి, పహాడీషరీఫు గడచి పోవుకొలది వీధిదీపములు పలుచబడును. అప్పుడుగాని తన దీపమెంతటిదో వానికి తెలిసిరాదు. ఇచ్చట మొదటి సంగతి గమనింపవలెను. వెలుతురుకు అలవడిన కన్ను చీకటికి పూర్తిగా అలవడుటకు అరగంటవరకు పట్టును. కావున నగరము దాటిన తోడనే "లైటు చాలదు" అనిపించుటలో దీపపు లోపము కొంత, కంటి స్వభావము కొంత కలిసియుండును. కొన్ని నిమిషములు నెమ్మదిగా నడిపినచో ఆ రెండవ లోపము దానంతట అదియే చాలవరకు తీరును.

పాతబస్తీనుండి మూసీ దాటినచో పుత్లీబౌలీ, జాంబాగు ప్రాంతములలో మోటారు సామానుల అంగళ్లు వరుసగా నున్నవి. ఆ అంగళ్లలో ఒకదానియందు నేను కొంతసేపు కూర్చుండి కొనువారి మాటలు వింటిని. వచ్చినవారిలో "ఎన్ని వాట్లు?" అని అడిగినవాడు లేడు. "తెల్లగా ఉండునా?" అనియే అందరును అడిగిరి. అంగడివానిని నేను ప్రశ్నింపగా అతడు నవ్వి, "కొనువాడు తెలుపు అడుగును, నేను తెలుపే ఇత్తును సాబ్" అనెను. అతని తప్పేమియు లేదు. అడుగువానికే అడుగుట తెలియవలెను.

అడుగుట తెలియుటకు దీపము పనిచేయు విధము కొంత తెలియవలెను. మొదటి మోటారుబండ్లకు నూనెదీపములును, నీటితో తడిపిన కార్బైడు వాయువుతో మండు దీపములును ఉండెడివి. తరువాత విద్యుద్దీపములు వచ్చినవి. 1925లో ఆస్రాం సంస్థవారు ఒకే బుడ్డిలో రెండు తీగచుట్టలు గల బల్బును తెచ్చిరి. ఒక చుట్ట దూరమునకు, మరియొకటి ఎదుటివానికి కన్ను చెదరకుండ క్రిందికి. మనము ఫుల్లు అనియు, డిమ్ము అనియు చెప్పుకొను భేదమునకు ఆ బల్బు సులువైన దారి చూపినది. నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో హైదరాబాదు రాజ్యమున బస్సులు నడుప నారంభించిన నాటికి లోకమున హాలోజను దీపము లేదు. అది మోటారుబండ్లకు 1962లో ఐరోపాలో వచ్చినది. రెండు తీగచుట్టలు గల హెచ్-4 అను హాలోజను బల్బు 1971లో వచ్చి, నేటికిని మన దేశములో అనేకములగు కార్లలోను, కొన్ని మోటారుసైకిళ్లలోను వెలుగుచున్నది. 12 వోల్టుల బండిలో దాని ఫుల్లు 60 వాట్లు, డిమ్ము 55 వాట్లు.

ఈ బల్బులో డిమ్ముచుట్ట క్రింద చిన్న లోహపు దొప్ప ఒకటి యుండును. ఆ చుట్ట, ఆ దొప్ప, వెనుకనున్న అద్దపుగిన్నె, ఈ మూడును ఒకదానికొకటి వెంట్రుకవాసి తప్పకుండ అమరినప్పుడే వెలుగు బాటమీదికి వంగును. దీనిని మీకు పొలపు భాషలో చెప్పెదను. కాలువలో నీరెంత యున్నదను మాట ఒకటి, ఆ నీరు మన మడికి పారుచున్నదా యనునది మరియొకటి. గట్టు తెగిన కాలువకు చెరువెంత నిండియున్నను ప్రయోజనము లేదు. మన మడి ఎండును, పొరుగువాని చేను మునుగును. బల్బు నీరు, అద్దపుగిన్నె గట్టు. గట్టు చెడగొట్టి నీరు పెంచువాడు తన మడిని తడుపుకొనలేడు.

ఇక అంగడిలో దొరకు సరకులను పరీక్షింతము. మొదటిది ఎక్కువ వాట్ల బల్బు. 60 వాట్లకు బదులు 100, 130 వాట్లవియు దొరకును. 12 వోల్టులవద్ద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసికొనును. 100 వాట్లది 8 ఆంపియర్లకు మించి తీసికొనును. తీగలో పుట్టెడి వేడి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును గనుక, అదే తీగలో వేడి దాదాపు మూడు రెట్లగును. కంపెనీవారు వేసిన తీగలు, స్విచ్చి, హోల్డరు దానికొరకు చేసినవి కావు. మొదట హోల్డరు నల్లబడును, పిదప కరగును, అద్దపుగిన్నె పూత మాడును. నట్టనడి రాత్రి రెండు దీపములును ఒక్కసారి ఆరిపోయినచో ఆ బండి గతి ఏమి? 35 వాట్ల బల్బుకొరకు చేసిన చిన్న మోటారుసైకిలులో 60 వాట్లది బిగించినను ఇట్టి కీడే కలుగును. పైగా బ్యాటరీ దిగిపోవును.

రెండవది తెలుపు, నీలము రంగు పూసిన బల్బు. దీనిలో తీగచుట్ట మామూలుదే. గాజుకు పూసిన నీలపుపూత పసుపు, ఎరుపు వన్నెలను అడ్డగించును. అందుచేత వెలుగు తెల్లగా తోచును గాని, బయటకు వచ్చునది అంతకుముందుకంటె తక్కువ. ధర ఎక్కువ యిచ్చి వెలుగు తక్కువ కొనుట యగును. నీలి వన్నె హెచ్చిన వెలుగు ఎదుటివాని కన్నుల నొప్పించుట కూడ ఎక్కువ.

మూడవది ఎల్.ఇ.డి. బల్బు. దీనిని గూర్చి నేడు ఎక్కువ భ్రాంతి కలదు. కర్మాగారమునందే ఎల్.ఇ.డి. దీపముతో పుట్టిన బండి వేరు. అందు దీపమును, గిన్నెయు, కటకమును ఒకదానికొకటిగా చేయబడినవి. అది మంచిదే. హాలోజను బల్బుకొరకు చేసిన గిన్నెలో ఎల్.ఇ.డి.ని బిగించుట వేరు. తీగచుట్ట అన్ని దిక్కులకును వెలుగును చిమ్మును. ఎల్.ఇ.డి.లో వెలుగు చిన్న పలకలనుండి ప్రక్కలకు వచ్చును. ఆ పలకలు తీగచుట్ట యున్న తావుననే సరిగా కుదరని యెడల వెలుగు పైకి, ప్రక్కలకు చెదరును. జర్మనీలో అట్టి మార్పిడి బల్బునకు 2020లో మొదటిసారిగా అనుమతి లభించినప్పుడు కూడ, పరీక్షించి నిర్ణయించిన బండ్లకు మాత్రమే అనుమతించిరి. ఏ బండికైన సరిపోవునని చెప్పి అమ్ము సరకునకు ఆ గౌరవము లేదు. జీనాన్ దీపపు పెట్టెలను హాలోజను గిన్నెలో అమర్చుటకును ఇదే దోషము కలదు.

"అట్లయిన ఆ బల్బు వేసినవాడు బాగుగా కనబడుచున్నదని ఏల చెప్పును?" అని మీరు అడుగవచ్చును. ఇందులోనే అసలు మర్మమున్నది. చెదరిన వెలుగులో అధికభాగము బండిముందు పది పదునైదు మీటర్లలోనే నేలపై పడును. కాళ్లముందు నేల తళతళ మెరయును. దానిని చూచి కన్ను తృప్తిపడును, కనుపాప ముడుచుకొనును. ముడుచుకొనిన కంటికి దూరమందున్న చీకటి మరింత చీకటియగును. కాళ్లముందున్న గుంత బండి వేగమున తప్పించుకొన వీలులేనిది. తప్పించుకొనవలసిన ఎద్దుబండి దూరమున నున్నది. దగ్గర వెలుగు పెరిగి దూరపు చూపు తగ్గుటను మనవాడు "బాగుగా కనబడుట" అని పొరపడుచున్నాడు.

నాలుగవది, వాట్లు మారకుండ పనితనము పెంచిన హాలోజను బల్బు. పెట్టెపై 30 శాతమనియు, 100 శాతమనియు, అంతకు మించియు అధికమని వ్రాసియుండును. ఆ లెక్క బల్బు మొత్తపు వెలుగునకు కాదు. ప్రమాణము కోరెడి కనీసముతో పోల్చి, బాటమీది కొన్ని తావులయందు హెచ్చు అని దాని అర్థము. తీగచుట్టను సన్నముగా, మరింత వేడిగా, మరింత సరియైన తావున నుండునట్లు చేయుటవలన ఆ గుణము వచ్చును. వేడి హెచ్చుటచేత ఆయువు తగ్గును. ఇది నిజమైన మేలే, కాని కొలతగల మేలు. వెలుగు దూరమునుబట్టి త్వరగా సన్నగిల్లును. రెట్టింపు దూరము చూడవలెనన్న నాలుగు రెట్లు వెలుగు కావలెను. 30 శాతము వెలుగు నిజముగా పెరిగినను 50 మీటర్ల చూపు 57 మీటర్లగును, అంతే. ఆ ఏడు మీటర్లును విలువైనవే. అయితే వానిని నమ్మి వేగము పెంచువాడు వానిని పోగొట్టుకొనును.

కొత్త బల్బు కొనుటకు ముందు పాతదానికి న్యాయము చేయవలెను. ఎండకు పసుపెక్కి మసకబారిన ప్లాస్టికు మూత వెలుగులో పెద్దభాగము మ్రింగును. దానిని నునుపుపట్టించి శుభ్రపరచినచో కొత్త బల్బు కొన్నంత మేలు కలుగవచ్చును. రెండవది విద్యుచ్ఛక్తి. బల్బువద్దకు చేరు వోల్టులు పదవవంతు తగ్గినచో వెలుగు సుమారు 30 శాతము తగ్గును. తుప్పుపట్టిన ఎర్త్ తీగ, వదులైన హోల్డరు, నలిగిన సన్నని తీగలు ఇట్లు శక్తిని దారిలోనే హరించును. మంచి మిస్త్రీచేత బల్బువద్ద వోల్టులు కొలిపించి, అవసరమైనచో రిలేతో కొత్త తీగ వేయించినచో, ఎదుటివాని కన్నులకు హానిలేకుండ పోయిన వెలుగు తిరిగివచ్చును.

మూడవది దీపపు వాలు. దీనిని మీ యింటిముందరనే పరీక్షింపవచ్చును. చదునైన నేలపై, గోడకు 10 మీటర్ల దూరమున బండి నిలిపి డిమ్ము వేయుడు. గోడపై వెలుగునకు చీకటికి నడుమ ఒక గీత కనబడును. ఆ గీత దీపపు నడిమి యెత్తుకంటె సుమారు 10 సెంటీమీటర్లు క్రిందుగా నుండి, ఎడమప్రక్కన మాత్రము కొంచెము పైకి లేచియుండవలెను. మనము ఎడమప్రక్కన నడుచువారము గనుక ఆ ప్రక్కనే బాటసారి కనబడవలెను. కుడిప్రక్క పైకి లేచినచో ఆ దీపము కుడిప్రక్కన నడచు దేశముల కొరకు చేసినది, మన బాటకు పనికిరాదు. గీతయే లేక గోడయంతయు వెలుగైనచో ఆ బల్బు ఆ గిన్నెకు తగినది కాదని తెలియును. వెనుక సీటున నలుగురును, డిక్కీలో బియ్యపు మూటలును ఉన్నప్పుడు బండి ముక్కు పైకి లేచును. చాల కార్లలో దీపమును దించుటకు చిన్న చక్రము నడుపువానిచెంత నుండును. దానిని త్రిప్పువారు అరుదు.

మన చట్టము కూడ ఈ విషయమును మరువలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో ఒక నియమము కలదు. దీపమునకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచునకు అరమీటరు కుడివైపున, నేలనుండి మీటరున్నర యెత్తున నున్న కన్ను చెదరకుండునట్లు వెలుగు క్రిందికి వంగియుండవలెనని దాని సారము. ఎదురుగా వచ్చువాని కన్ను సరిగా అచ్చటనే యుండును. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరునెలలవరకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది.

జరిమానాకంటె పెద్ద మాట మరియొకటి కలదు, అది మీకే సంబంధించినది. అరువదేండ్లవాని కంటి లోపలకు ఇరువదేండ్లవానికి చేరు వెలుగులో సుమారు మూడవవంతే చేరునని నేత్రశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శుక్లము మొదలైన కంటిలో ఎదుటి దీపపు వెలుగు చెదరి చూపునంతను కప్పివేయును. కన్ను చెదరినపిదప తేరుకొనుటకును పెద్దవారికి ఎక్కువ సేపు పట్టును. మనుమడు సంతోషముతో వేసికొనిన తెల్లని దీపము, మరియొక గ్రామపు తాతను కొన్ని క్షణములపాటు గ్రుడ్డివానిని చేయుచున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క క్షణములో 16 మీటర్లకు మించి పోవును. ఆ గ్రుడ్డితనములో ఆ తాతబండి ఎచ్చటికి పోవునో, మనుమని బండిమీదికే వచ్చునో ఎవరు చెప్పగలరు? ఎదుటివాని కన్నులు పొడిచి మనము క్షేమముగా పోజాలము. రాత్రి బాట కనబడుట లేదని తోచిన పెద్దలు బల్బుకంటె ముందు కన్ను చూపించుకొనవలెను. మెహదీపట్నములో ప్రభుత్వమువారి సరోజినీదేవి నేత్రవైద్యశాల కలదు.

వేగపు లెక్క కూడ చెప్పి ముగింతును. 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు అడ్డము చూచి, బ్రేకు త్రొక్కి, పొడిబాటమీద ఆగుటకు సుమారు 50 మీటర్లు పట్టును. 80 వేగమున సుమారు 75 మీటర్లు. డిమ్ము వెలుగులో నల్లని బట్టలు ధరించిన మనిషి చాలసార్లు 50 మీటర్ల లోపుననే కనబడును. 80 వేగమున డిమ్ముతో పోవువాడు తన దీపమును దాటి పోవుచున్నాడన్నమాట. ఈ లోటును ఏ బల్బును తీర్చజాలదు. ఎదుట బండి లేనప్పుడు ఫుల్లు, ఉన్నప్పుడు డిమ్ము, డిమ్మునకు తగిన వేగము, ఇదియే మార్గము.

కావున కుమారుడు బల్బు కొనబోవునప్పుడు ఈ మాటలు చెప్పి పంపుడు. బండి పుస్తకములో వ్రాసిన జాతి, వాట్లు, వోల్టులు గల బల్బునే అడుగుము. దాని మొదలుపై గుండ్రని గీతలో ఇంగ్లీషు ఈ అక్షరమును, దేశపు సంఖ్యయు గల ఆమోదపు గుర్తు చూడుము. నీలపుపూత వద్దు. రెండు బల్బులును ఒక్కసారి మార్చుము. గాజును వట్టి వ్రేళ్లతో తాకకుము, చేతి జిడ్డంటిన చోట అది వేడికి చెడిపోవును. పిదప గోడయెదుట వాలు చూచుకొనుము.

మీరు మీ యూరనే చేయదగిన పని ఒకటి మిగిలియున్నది. ఎద్దుబండ్ల వెనుకను, ట్రాక్టరు ట్రాలీల వెనుకను ఎర్రని మెరుపుపట్టీలు అంటింపుడు. ఆ పట్టీ తనపై పడిన వెలుగును వచ్చిన దిక్కునకే మరల పంపును. అందుచేత మామూలు బల్బుగల బండివానికి సయితము అది అనేక రెట్ల దూరమునుండి కనబడును. వేలరూపాయల దీపము చేయలేని మేలు కొద్ది రూపాయల పట్టీ చేయును. రాత్రి పొలమునకు పోవువారు చేత టార్చి, పైన తెల్లని కండువా ఉంచుకొనుట మంచిది. చూచువాని దీపము ఎంత ముఖ్యమో, కనబడవలసినవాడు కనబడుటయు అంత ముఖ్యము.

ఈ మాటలు మీ ఇండ్లలోని యువకులకు మీ నోట వినిపింతురని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.